ఒంటి కరెంటును రికార్డు చేయడం ఎలా: విశాఖలో, ఇంటి దగ్గరే, హాబీ కిట్‌తో

కండ, గుండె, కన్ను, మెదడు నుంచి చర్మం మీదికి సన్నటి కరెంటు వస్తుంది. స్టిక్కర్లు అంటించి, చిన్న బోర్డుతో దాన్ని పెంచి, లాప్‌టాప్ తెర మీద గీతగా చూడటమే ఈ పని. పిడికిలి బిగిస్తే తెర మీద గీత ఎగిరిపడాలి. వదిలేస్తే సాపుగా పడుకోవాలి. ముందు ఈ ఒక్కటి సాధించండి. గుండె, కన్ను, మెదడు అన్నీ దీని తర్వాతే. కిట్టు చేతికి రాగానే చాలామంది నేరుగా నుదుటికి స్టిక్కర్లు అంటించుకుని మెదడు తరంగాలు చూద్దామని కూర్చుంటారు. గీతలైతే వస్తాయి. కాకపోతే అందులో చాలావరకు ఇంటి కరెంటు, తక్కింది రెప్పలు కొట్టుకోవడం. దాన్నే వీడియో తీసి నలుగురికీ పంపేవాళ్ళున్నారు.

లెక్క చూడండి. గట్టిగా బిగించిన కండ నుంచి చర్మం మీదికి వచ్చేది మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. గుండెది ఒక మిల్లీవోల్టు, అటూ ఇటూగా. మెదడుదైతే తల మీదికి వచ్చేసరికి 10 నుంచి 100 మైక్రోవోల్టులు, అంటే మిల్లీవోల్టులో పదో వంతుకు మించదు. మీ గోడలో ఉన్నది 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగుతూ ఉంటుంది. తెర మీది గీత మీ ఒంటిదా, గోడదా అని తేల్చుకోవడంలోనే ఈ పనిలో ఉన్న కష్టమంతా ఉంది. కండతో మొదలుపెట్టమనేది అందుకే. కండ మీ మాట వింటుంది. బిగించమంటే బిగుస్తుంది, వదలమంటే వదులుతుంది. గీత కూడా అలాగే చేస్తే అది మీదే. గుండె మీ మాట వినదు. మెదడు సంగతి సరేసరి.

ఏమేం కావాలి

ఆంప్లిఫయర్ బోర్డు (ఒంటి నుంచి వచ్చే చిన్న వోల్టేజీని పెంచేది), ఆర్డ్వినో ఊనో (ఆ వోల్టేజీని అంకెలుగా మార్చి లాప్‌టాప్‌కు పంపే చిన్న బోర్డు), యూఎస్‌బీ కేబుల్, బ్యాటరీ బాగున్న లాప్‌టాప్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు (గుండె పరీక్షలో ఒంటికి అంటించే స్టిక్కర్లు), వాటికి తగిలించే స్నాప్ తీగలు మూడు, దూది, స్పిరిట్.

ఆంప్లిఫయర్ కొనేటప్పుడే కాస్త ఆలోచించాలి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవి ఏడీ 8232 చిప్ ఉన్న బోర్డులు. అవి గుండె కోసం చేసినవి. వాటిలో మామూలుగా వచ్చే ఫిల్టర్లు 0.5 నుంచి 40 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు అన్నిసార్లు ఊగేదాన్నే పోనిస్తాయి. కండ సిగ్నల్ 20 నుంచి 500 హెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటుంది, బలమంతా 50-150 హెర్ట్జ్ దగ్గరే. అంటే ఆ బోర్డుతో కండను చూడబోతే అసలు సరుకులో చాలా భాగం లోపలికే రాదు. గుండె ఒక్కటే చాలనుకుంటే అది తీసుకోండి, మంచి బోర్డే. కండ, గుండె, కన్ను, మెదడు నాలుగూ చూడాలనుంటే ఢిల్లీలోని అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ వాళ్ళ బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ లాంటిది మేలు. అమెరికాలోని బ్యాక్‌యార్డ్ బ్రెయిన్స్ వాళ్ళ మజిల్ స్పైకర్‌బాక్స్‌కు కూడా మంచి పేరుంది, కానీ దిగుమతి ఖర్చు కలుపుకుంటే స్కూలు పిల్లల ప్రాజెక్టుకు అంత అవసరం లేదనిపిస్తుంది. కొన్ని బోర్డుల మీద ఏ సిగ్నల్ చూడాలో దాన్నిబట్టి సోల్డర్ జంపర్ (టంకంతో కలిపే చిన్న అతుకు) మార్చాలి. కిట్‌తో వచ్చిన కాగితం పారేయకండి.

ఎలక్ట్రోడ్లకు ఆన్‌లైన్ అక్కర్లేదు. కేజీహెచ్ (కింగ్ జార్జి ఆస్పత్రి) చుట్టుపక్కల మహారాణిపేట సర్జికల్ షాపుల్లో "ఈసీజీ స్టిక్కర్లు కావాలండీ" అంటే చాలు. "పెద్దవాళ్ళకా, చిన్నపిల్లలకా?" అని అడుగుతారు. మీకెన్నేళ్ళున్నా సరే చిన్నపిల్లలవే తీసుకోండి. ముంజేతి మీద పెద్ద స్టిక్కర్లు రెండు పక్కపక్కన పట్టవు, అంచులు ఒకదాని మీదొకటి ఎక్కి జెల్ కలిసిపోతుంది. కవరు మీద గడువు తేదీ చూడండి, సీలు ఊడి ఉంటే వద్దనండి. ఆ చిన్న బిళ్ళ మీద వెండి, సిల్వర్ క్లోరైడ్ పూత ఉంటుంది, పైన ఉప్పు కలిసిన జెల్. ఒంట్లో కరెంటును మోసేవి అయాన్లు, తీగలో మోసేవి ఎలక్ట్రాన్లు. ఒకటి ఇంకొకటిగా మారేది ఆ పూత దగ్గరే. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కతో సరిపెట్టుకుందామనుకుంటే గీత ఒకచోట నిలవదు.

ఆర్డ్వినో, బోర్డులను ఒకదానికొకటి కలిపే జంపర్ తీగలు, హెడర్ పిన్నుల కోసం డాబాగార్డెన్స్ వైపు ఒక చుట్టు చుట్టి రండి.

చార్జర్ పీకేయండి

ఇక్కడ బేరాల్లేవు. ఒంటికి తీగలు తగిలించి ఉన్నంతసేపూ లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. చార్జర్ ఒక్కటే కాదు, టీవీకి పెట్టిన హెచ్‌డీఎంఐ కేబుల్, ప్రింటరు, ఇంటర్నెట్ తీగ, గోడకు ఏదో రకంగా కలిసిన ప్రతిదీ తీసేయండి. చార్జింగులో ఉన్న లాప్‌టాప్ లోహపు అంచు మోచేతికి తగిలితే ఒక్కోసారి జివ్వుమంటుంది కదా, అది చార్జర్ నుంచి వచ్చే లీకేజీ. పొడి చర్మం దాన్ని చాలావరకు ఆపుతుంది. మీరు ఇప్పుడు ఆ చర్మాన్నే రుద్ది, జెల్ పెట్టి, తీగకు దారి తెరవబోతున్నారు. చార్జర్ లోపల ఏదైనా తెగి కాలిందంటే ఆ దారి రెండు చేతుల మధ్య గుండె మీదుగా పోతుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మీద ఈ ప్రయోగాలు వద్దు. ఈ కిట్లు వినడానికే గానీ ఒంట్లోకి కరెంటు పంపడానికి కావు. ఫిజియోథెరపీలో ఒంట్లోకి కరెంటు పంపే టెన్స్ మెషిన్ ఒంటి మీద ఉండగా వీటిని తగిలించకండి. ఒకరికి వాడిన స్టిక్కరు ఇంకొకరికి వాడకండి.

తీగలు, ప్రోగ్రామ్

ఏడీ 8232 బోర్డుకు ఇవ్వాల్సింది 3.3 వోల్టులు. ఊనో మీద పక్కపక్కనే ఉండే 5 వోల్టుల పిన్నుకు పొరపాటున కూడా పెట్టకండి, చిప్ తట్టుకోలేదు. వేరే బోర్డయితే దాని కాగితం ఎంత చెబితే అంత. గ్రౌండును గ్రౌండుకు, అవుట్‌పుట్‌ను ఏ0 పిన్నుకు కలపండి. ఎలక్ట్రోడు తీగల రంగులను నమ్మకండి. ఒక కంపెనీలో కుడి చేతికి ఎరుపు, ఇంకో కంపెనీలో నలుపు. బోర్డు మీద అచ్చువేసిన అక్షరాలు చూసి, మీరే తీగ చివర చిన్న టేపు ముక్క మీద పేరు రాసి అంటించుకోండి.

ప్రోగ్రామ్ మీరు రాయక్కర్లేదు, కిట్‌తో ఉదాహరణ వస్తుంది. అయితే అందులో మూడు అంకెలు మాత్రం తెరిచి చూడాలి.

మొదటిది, సీరియల్ వేగం, అంటే ఆర్డ్వినో నుంచి లాప్‌టాప్‌కు అంకెలు పోయే వేగం. 9600 అని ఉంటే సెకనుకు 960 అక్షరాలే పోతాయి. ఒక్కో రీడింగుకు మూడంకెలు, వరుస మార్చే గుర్తులు రెండు, మొత్తం అయిదు అక్షరాలనుకుంటే సెకనుకు 192 రీడింగులు. గుండెకు ఇది బొటాబొటిగా చాలుతుంది, కండకు చాలదు. 115200 పెట్టండి, లాప్‌టాప్ వైపు కూడా అదే ఎంచుకోండి. రెండు పక్కలా ఒకే అంకె లేకపోతే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి.

రెండోది, సెకనుకు ఎన్ని రీడింగులు. ఎంత వేగంగా ఊగేదాన్ని చూడాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి. కండకు 1000 ఉంటే మంచిది, 500తోనూ చాలా సంగతులు కనబడతాయి. గుండెకు 250 చాలు.

మూడోది ఎవరూ చూడనిది. ఇలాంటి ప్రోగ్రాములు చాలా అమెరికాలో రాసినవి. వాళ్ళ కరెంటు 60 హెర్ట్జ్. గోడ కరెంటు నుంచి గీతలోకి దూరే ఊపును, అంటే హమ్‌ను, తీసేసే నాచ్ ఫిల్టర్ అని ఒకటి ఉంటే అందులో 60 ఉండొచ్చు. మనది 50. మార్చకపోతే ఆ ఫిల్టర్ ఉన్నా లేనట్టే. నన్నడిగితే మొదట్లో నాచ్ ఫిల్టర్ పూర్తిగా ఆపేసి పెట్టుకోండి. కండ సిగ్నల్లో 50 దగ్గర కూడా బోలెడు ఉంటుంది, దాన్నీ కోసేస్తుంది. పైగా తీగలు ఎంత చెత్తగా పెట్టారో మీకు తెలియకుండా దాచేస్తుంది.

చర్మం, చెమట, ఫ్యాను

విశాఖలో ఈ పనికి పెద్ద శత్రువు ఉక్కపోత. చెమట పడితే స్టిక్కరు అంచు లేస్తుంది, దాని కింద ఉప్పు గాఢత మారుతూ ఉండటంతో గీత మొత్తం నెమ్మదిగా పైకీ కిందకీ తేలుతుంది. ఫ్యాను వేస్తే తీగలు గాలికి ఊగుతాయి, దాని వైరింగు నుంచి హమ్ కూడా వస్తుంది. ఆపితే మళ్ళీ చెమట. కాబట్టి ఇలా చేయండి. తెల్లవారుజామునో, బాగా పొద్దుపోయాకో కూర్చోండి. ముందు ఓ పావుగంట ఫ్యాను కింద ఒళ్ళు ఆరబెట్టుకోండి. ఫ్యాను తిరుగుతుండగానే స్టిక్కర్లు అంటించండి. రికార్డు నొక్కే ముందు మాత్రం ఆపండి. ఒక్కో రికార్డింగ్ నిమిషం, రెండు నిమిషాలకు మించనివ్వకండి, మళ్ళీ ఫ్యాను వేసుకోండి.

అంటించే చోట కొబ్బరి నూనె, పౌడరు, క్రీము ఏదీ ఉండకూడదు. సబ్బుతో కడిగి, తుడిచి, స్పిరిట్ దూదితో కాస్త గట్టిగానే రుద్దండి. చర్మం పైపొర మొత్తం చచ్చిన కణాలు, కరెంటుకు అడ్డం పడేది అదే. కొద్దిగా ఎర్రబడితే చాలు, మండేదాకా వద్దు. వెంట్రుకలు దట్టంగా ఉంటే ఆ కాస్త మేరా గొరిగేయండి. స్పిరిట్ పూర్తిగా ఆరాకే స్టిక్కరు పెట్టండి, తడి మీద పెడితే జిగురు పట్టదు.

ఎక్కడ అంటించాలి

అరచెయ్యి పైకి తిప్పి ముంజేయి బల్ల మీద పెట్టండి. పిడికిలి బిగించి వదులుతూ, ఇంకో చేత్తో మోచేతి మడతకు నాలుగు వేళ్ళ కింద తడమండి. లోపల ఉబ్బే ముద్ద తగులుతుంది. వేళ్ళను మడిచే కండలు అవి. ఆ ముద్ద మీద రెండు స్టిక్కర్లు, మధ్యబిందువుల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, చేతి పొడవునా ఒకదాని కింద ఒకటి. అడ్డంగా కాదు. కండ పోగులు పొడవునా ఉంటాయి, సంకేతం వాటి వెంటే ప్రయాణిస్తుంది, మీ రెండు ఎలక్ట్రోడ్లు ఆ దారిలో ఉండాలి. మూడోది, రిఫరెన్సు అనేది, కండ లేని చోట పెట్టాలి. మోచేతి ఎముక మీద సరిగ్గా సరిపోతుంది.

మూడు తీగలనూ జడ అల్లినట్టు అల్లేయండి. విడివిడిగా వేలాడితే వాటి మధ్య ఖాళీలో చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం దూరి దొంగ వోల్టేజీ పుట్టిస్తుంది. అల్లిన తీగను చేతికి ఒకచోట టేపుతో అంటించండి. లేకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా తీగ స్టిక్కరును లాగుతుంది, తెర మీద పెద్ద కెరటం లేస్తుంది, మీరేమో అదే కండ అనుకుంటారు.

గీత మీదా, గోడదా?

ఇప్పుడు ఆర్డ్వినో సాఫ్ట్‌వేర్‌లో వచ్చే అంకెలను గీతగా చూపే సీరియల్ ప్లాటర్ తెరవండి. చెయ్యి దిండు మీద పడేసి కదలకుండా ఉండండి. కంటికి ఒకేలాంటి నున్నటి గుట్టలు వరుసగా కనిపిస్తున్నాయా? దగ్గరికి తెచ్చి కొలవండి. 50 హెర్ట్జ్ అంటే ఒక్కో గుట్ట 20 మిల్లీసెకన్లు. సెకనుకు 500 రీడింగులు తీస్తుంటే ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి సరిగ్గా పది చుక్కలు. పది వస్తే అది గోడది. కండది ఎప్పుడూ గజిబిజిగా, ముళ్ళముళ్ళుగా ఉంటుంది, ఏ రెండు ముళ్ళూ ఒకేలా ఉండవు.

హమ్ ఎందుకొస్తుందో అర్థమైతే దాన్ని పోగొట్టడం తేలిక. గోడల్లోని వైరింగుకూ మీ ఒంటికీ మధ్య గాలి ఉన్నా, రెండూ కలిసి ఒక చిన్న కెపాసిటర్ అవుతాయి. అలా మీ ఒళ్ళంతా 50 హెర్ట్జ్‌తో కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆంప్లిఫయర్ చేసే పని రెండు ఎలక్ట్రోడ్ల దగ్గర ఉన్నవాటి తేడా తీయడం. ఒళ్ళంతా ఒకేలా ఊగితే రెండు చోట్లా ఒకే అంకె, తేడా తీస్తే పోవాలి. కానీ ఒక స్టిక్కరు బాగా అంటుకుని ఇంకోటి సగం లేచి ఉంటే రెంటి దగ్గరా సమానంగా రాదు. ఆ మిగిలిన తేడానే వెయ్యి రెట్లు పెంచి మీకు చూపిస్తుంది. అందుకే రెండు స్టిక్కర్లూ ఒకే కవరులోవి, ఒకేసారి తెరిచినవి, ఒకేలా రుద్దిన చర్మం మీద పెట్టినవి అయి ఉండాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే మొదలే సగం ఓడిపోయినట్టు.

హమ్ కనబడితే ఈ వరుసలో చూసుకోండి. ముందు రిఫరెన్సు స్టిక్కరును వేలితో నొక్కి పట్టుకోండి. తగ్గితే దాన్ని మార్చండి. తగ్గకపోతే మిగతా రెంటినీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. తర్వాత దగ్గర్లో ఉన్న ఫోను చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ట్యూబ్‌లైటు ఆపండి. స్విచ్‌బోర్డు ఉన్న గోడకు దూరంగా గది మధ్యకు జరగండి. జరిగినప్పుడు గీత మారితే, మీరు కండ కదపలేదు కాబట్టి, అది ఖచ్చితంగా గోడదే.

వీటన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం ఇంకోటుంది. కరెంటు పోయినప్పుడు రికార్డు చేయండి. ఇన్వర్టర్ కూడా కట్టేస్తే గీత ఎంత శుభ్రంగా వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఇంటిల్లిపాదీ విసనకర్రలు పట్టుకుని తిట్టుకుంటుంటే మీరొక్కరే సంతోషంగా ఉంటారు. అంతదాకా ఆగలేకపోతే తెల్లవారుజామున లాప్‌టాప్ తీసుకుని సాగర్‌నగర్ దాటాక ఏ బీచ్ దగ్గరైనా తీగలకూ దీపాలకూ దూరంగా కూర్చోండి. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, అంటే 2014 తర్వాత, నగరంలో చాలా చోట్ల కరెంటు తీగలను భూమిలోకి దించారు. నెత్తి మీద తీగలు లేని చోట ఒంటి మీద ఊగే ఆ వోల్టేజీ బాగా తగ్గుతుంది. కింద చాప వేసుకోండి, ఇసుక యూఎస్‌బీ సందులో పడితే పోదు.

కండతో ఏం చేయొచ్చు

గీత సాపుగా వచ్చాక పిడికిలి బిగించండి. వెన్నుపాములోని ఒక నరం కణం కొన్ని కండ పోగులకు ఆజ్ఞ ఇస్తుంది, ఆ పోగులన్నీ ఒకేసారి స్పందిస్తాయి. తెర మీది ముళ్ళు అలాంటి ఎన్నో గుంపుల మొత్తం. మెల్లగా బిగిస్తే ముందు చిన్న గుంపులు లేస్తాయి, బలం పెంచేకొద్దీ పెద్దవి కలుస్తాయి. అరలీటరు, లీటరు, రెండు లీటర్ల నీళ్ళ సీసాలను వరుసగా ఎత్తి రికార్డు చేసుకోండి. గీత మందం పెరుగుతూ పోవాలి.

తర్వాత ఎలక్ట్రోడ్లు జబ్బకు మార్చండి. మోచేయి మడిచి సగం నిండిన బకెట్టు పట్టుకుని, వణుకు మొదలయ్యేదాకా అలాగే ఉంచండి. బరువు మారదు, కానీ గీత పెరుగుతుంది. అలసిన పోగులకు సాయంగా కొత్తవి దిగుతున్నాయన్నమాట. బాగా దగ్గరగా చూస్తే ముళ్ళు మొదట్లో కన్నా వెడల్పు అవుతాయి, పోగుల్లో సంకేతం నడిచే వేగం తగ్గడం వల్ల. పనిలో మొదటి కొద్ది సెకన్లకు కండ వాడుకునే ఫాస్ఫోక్రియాటిన్ సంగతి 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. స్కూలు ఎగ్జిబిషన్‌కు పెడుతుంటే బోర్డు మీద ఈ ముక్క రాయండి, గుర్తుపట్టే జడ్జి దొరికితే మీ అదృష్టం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దవడ ప్రయోగం. పళ్ళు కరిచిపట్టి చెంప వెనక, దవడ మూల దగ్గర తడిమితే గట్టిపడే ముద్ద ఉంటుంది. దాని మీద పైకీ కిందకీ రెండు స్టిక్కర్లు, చెవి వెనక ఎముక మీద రిఫరెన్సు. గడ్డం ఉన్నవాళ్ళు ఇంట్లో ఇంకొకరిని ఒప్పించుకోవాలి. ఒక ఇడ్లీ ముక్క, ఒక జంతిక, ఒక మాడుగుల హల్వా ముక్క పళ్ళెంలో పెట్టుకుని, ఒక్కోటి తింటూ రికార్డు చేయండి. ఇడ్లీ దగ్గర గీత కదిలీ కదలనట్టుంటుంది. జంతిక మొదటి కొరుకుడుకే తెర నిండిపోతుంది, తర్వాత పలుకులు నలిగేకొద్దీ చిన్నదవుతూ వస్తుంది. హల్వా ఫలితం మీరే చూసుకోండి. నమలడం సుమారుగా సెకనుకు ఒకసారి, కొందరిది ఇంకాస్త వేగం. కొలిచి చూస్తే ఇంట్లో ఎవరు ఎంత తొందరగా తింటారో అంకెలతో సహా తేలిపోతుంది, అత్తగారి ముందు మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ఈ రికార్డింగులను దాచుకోండి. సీరియల్ మానిటర్లోని అంకెలను కాపీ చేసి స్ప్రెడ్‌షీట్లో ఒక నిలువు వరుసలో పెడితే సరి. ఫైలు పేరులో తేదీ, కండ పేరు, సెకనుకు ఎన్ని రీడింగులు అనేవి తప్పకుండా ఉండాలి. చివరిది రాయకపోతే నెల తర్వాత ఆ అంకెల నుంచి సమయం రాబట్టలేరు.

గుండె

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, రిఫరెన్సు కుడి కాలు. చేతులకు బదులు రెండు కాలర్‌బోన్ల కింద పెడితే వణుకు తక్కువ. వెనక్కి ఆనుకుని, భుజాలు వదిలేసి కూర్చోండి. ఈసీజీ యంత్రాన్ని రూపొందించిన డచ్ శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్ ఇదే రెండు చేతుల జతను వాడాడు. మనుషుల చేతుల్ని, ఎడమ కాలినీ ఉప్పునీళ్ళ పాత్రల్లో ముంచించి, పావు టన్ను పైన బరువున్న యంత్రంతో తీసేవాడు. 1924లో నోబెల్ ఇచ్చారు. మీ దగ్గరున్నది అగ్గిపెట్టెంత బోర్డు.

ఒక మిల్లీవోల్టును ఏడీ 8232 బోర్డు సుమారు 1100 రెట్లు పెంచుతుంది, 1.1 వోల్టు అవుతుంది. ఊనో ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, అంటే ఒక గుండె కొట్టుకోవడం 220 మెట్లు పైనే ఎక్కి దిగుతుంది. చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ముందు చిన్న బుడిపె, తర్వాత సూదిమొన, తర్వాత కాస్త వెడల్పాటి బుడిపె. రెండు సూదిమొనల మధ్య సమయం కొలిచి 60ని దాంతో భాగించండి. 0.8 సెకన్లయితే నిమిషానికి 75.

ఇప్పుడు నెమ్మదిగా అయిదు సెకన్లు గాలి పీల్చి, అయిదు సెకన్లు వదులుతూ ఒక నిమిషం రికార్డు చేయండి. పీల్చేటప్పుడు మొనలు దగ్గరవుతాయి, వదిలేటప్పుడు దూరమవుతాయి. పిల్లల్లో, యువకుల్లో బాగా తెలుస్తుంది. ఇది జబ్బు కాదు, మామూలే. గుండె మీ మాట వినదన్నాను గానీ ఊపిరి మాట కొంత వింటుంది.

ఒక్క మాట గట్టిగా. ఈ గీత చూసి ఎవరికీ జబ్బుందనీ లేదనీ చెప్పకండి. ఆస్పత్రిలో తీసేది పన్నెండు కోణాల నుంచి, మీది ఒకే కోణం. పైగా 0.5 హెర్ట్జ్ ఫిల్టరు సూదిమొన తర్వాతి భాగం ఆకారాన్నే మార్చేస్తుంది, డాక్టరు గుండెపోటు కోసం చూసేది సరిగ్గా ఆ భాగాన్నే. ఛాతీలో నొప్పి అంటే కిట్టు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

కన్ను, ఆ తర్వాతే మెదడు

కనుగుడ్డు ముందు భాగం వెనక భాగం కన్నా పాజిటివ్‌గా ఉంటుంది. కన్ను పక్కకు తిరిగితే ఆ పాజిటివ్ వైపు ఒక ఎలక్ట్రోడుకు దగ్గరవుతుంది. రెండు కళ్ళ బయటి మూలల పక్కన ఒక్కోటి, నుదుటి మధ్య రిఫరెన్సు. స్పిరిట్ కళ్ళ దగ్గరికి తేవద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తల కదపకుండా న్యూస్‌పేపరు ఒక కాలమ్ చదవండి. కళ్ళు జారుతూ పోవు, గెంతుతూ పోతాయి. ఒక్కో గెంతుకు ఒక మెట్టు, వరుస చివర ఒక పెద్ద వెనక్కి దూకుడు. చాలా బోర్డులు నెమ్మదిగా మారేదాన్ని వడకట్టేస్తాయి కాబట్టి మెట్టు మెట్టులా నిలవక కిందికి జారిపోతుంది, కంగారుపడకండి.

మెదడుకు ముందు రోజు తలంటు పోసుకోండి, తర్వాత నూనె ముట్టుకోకండి. మామూలు స్టిక్కర్లు జుట్టు మీద నిలవవు. గిన్నె ఆకారపు ఎలక్ట్రోడ్లు, టెన్20 లాంటి పేస్టు కావాలి. తల వెనక ఎత్తుగా తగిలే ఎముకకు రెండు మూడు సెంటీమీటర్ల పైన, కొద్దిగా పక్కన పాపిట తీసి ఒకటి పెట్టండి. చెవుల వెనక ఎముకల మీద మిగతా రెండు. చూడాల్సింది ఒక్కటే: కళ్ళు మూసుకుంటే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగం పుట్టాలి, తెరిస్తే పోవాలి. హన్స్ బెర్గర్ 1929లో అచ్చేసిన మొదటి మానవ ఈఈజీ (మెదడు తరంగాల రికార్డు) వ్యాసంలో ఉన్నది ఈ తరంగమే. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి "మూయి", "తెరువు" అని పది సెకన్లకోసారి చెప్పించుకోండి. చెప్పినట్టల్లా వచ్చి పోతుంటే అది మెదడుది. దవడ బిగించి చూడండి, ఆ ముళ్ళు కింద ఉన్న ఆల్ఫాను మింగేస్తాయి. వాటి రూపం జంతిక దగ్గరే చూశారు కాబట్టి ఇప్పుడు మోసపోరు.

కొందరిలో ఆల్ఫా సహజంగానే తక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురి మీద చూడండి. 50 మైక్రోవోల్టులను 1100 రెట్లు పెంచినా ఊనోకు పదకొండు మెట్లే, కాబట్టి ఇక్కడ హమ్ పూర్తిగా పోవాలి, ఇంకా ఎక్కువ పెంచే బోర్డు ఉంటే మంచిది.

సర్దేటప్పుడు

స్టిక్కర్లను పీకకుండా నీళ్ళతో తడిపి మెల్లగా తీయండి. తెరిచిన కవరును జిప్ కవరులో వేసి గాలి తీసేయండి, లేకపోతే జెల్ ఎండిపోతుంది. మన ఊళ్ళో ఉప్పుగాలికి స్నాప్ తీగల చివరలు, హెడర్ పిన్నులు నెలల్లోనే పచ్చబడతాయి. బోర్డును మూత బిగుతుగా ఉండే డబ్బాలో, చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టుకోండి. వాడే ముందు స్నాపులను స్పిరిట్ దూదితో ఒకసారి తుడవండి.